ప్రజారోగ్య శాఖ బడ్జెట్ ప్రతిపాదన – ఐదవ పాఠం: నలభై శాతం దేనిలో?

గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన జవాబులన్నీ చదివాను. ప్రతిపాదనకు జతచేసే వివరణ పత్రం ఎలా రాయాలో ఈ విడతలో చెబుతానని మాట ఇచ్చినా, ఆ జవాబులు చూశాక దాన్ని ఆరవ పాఠానికి వాయిదా వేయక తప్పలేదు. అడిగిన మొత్తమే తప్పయినప్పుడు వివరణ ఎంత చక్కగా రాసినా ఆర్థిక శాఖలో ఆ దస్త్రాన్ని చూసే సెక్షన్ అధికారి రెండో పేజీ తిప్పడు.

అభ్యాసాన్ని ఒకసారి గుర్తు చేస్తాను. ఒక జిల్లా ప్రజారోగ్య ప్రయోగశాల ఏడాదికి 4,800 డెంగీ నమూనాలను ఎలైజా పద్ధతిలో, అంటే గుంటలున్న ప్లేటులో సీరం వేసి వ్యాధి ఆనవాళ్లు పట్టే పద్ధతిలో, పరీక్షిస్తుంది. అక్కడ జూన్ 1న ఇద్దరు కొత్త ల్యాబ్ టెక్నీషియన్లు చేరతారు, ఆ ప్లేటును చదివే యంత్రం, ఎలైజా రీడర్, ఒకటి కొనాలి. దీనికి తోడు, జాతీయ ఆరోగ్య మిషన్ కింద వచ్చే ఏడాదికి కేంద్ర వాటా 6 కోట్ల రూపాయలని లేఖ అందింది. పరీక్ష కిట్లకు, జీతాలకు, రీడర్‌కు ఏం అడగాలో, 60:40 నిష్పత్తి ప్రకారం రాష్ట్ర వాటా ఎంతో, డిమాండ్‌లో, అంటే శాసనసభ ఆమోదానికి పెట్టే ఖర్చు పద్దులో, ఎంత చూపాలో తేల్చమన్నాను. ఖాతా సంఖ్యల జోలికి మళ్లీ వెళ్లను. వైద్యం, ప్రజారోగ్యం 2210 అని, అందులో 06 ప్రజారోగ్యం అని, దాని కింద 101 వ్యాధుల నివారణ, 107 ప్రయోగశాలలు అని మీకు ఇప్పటికే తెలుసు.

రాష్ట్ర వాటా 2 కోట్ల 40 లక్షలని ఎక్కువమంది రాశారు. అది తప్పు. సరైన జవాబు 4 కోట్లు.

ఈ తప్పు నన్ను ఏటా పలకరిస్తుంది కాబట్టి కాస్త ఓపిక పట్టండి, దీన్ని మూలం దాకా తవ్వుతాను. 60:40 అన్నప్పుడు ఆ 60, ఆ 40 రెండూ పథకం మొత్తం ఖర్చులో భాగాలు. మొత్తం వంద రూపాయలైతే కేంద్రం 60, రాష్ట్రం 40 ఇస్తాయి. మీకు అందిన లేఖలో మాత్రం మొత్తం ఉండదు, కేంద్రం ఇవ్వబోయే భాగం మాత్రమే ఉంటుంది. అందులో 6 కోట్లని కనిపించగానే మీ చెయ్యి కాలిక్యులేటర్ మీదికి వెళ్లి దాన్ని 40 శాతంతో గుణిస్తుంది. అప్పుడు మీకు వచ్చేది కేంద్ర వాటాలో నలభై శాతం. మనకు కావలసింది మొత్తంలో నలభై శాతం. కాబట్టి ముందు 6 కోట్లను 60తో భాగించి 100తో గుణించండి, మొత్తం 10 కోట్లు వస్తుంది. అందులోంచి 6 తీసేస్తే మిగిలే 4 కోట్లే రాష్ట్ర వాటా.

నా అడ్డదారి ఇంతకంటే చిన్నది. 60:40 పథకాల్లో రాష్ట్ర వాటా ఎప్పుడూ కేంద్ర వాటాలో మూడింట రెండు వంతులు. కేంద్రం 3 కోట్లిస్తే మనం 2 కోట్లు, 90 లక్షలిస్తే 60 లక్షలు, కోటిన్నర ఇస్తే కోటి పెట్టాలి. కేంద్ర వాటాను మూడు భాగాలు చేసి రెండు భాగాలు తీసుకుంటే లెక్క నోటికే తేలుతుంది, శాతాల ఊసే అక్కరలేదు. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు నిష్పత్తి 90:10 కాబట్టి అక్కడ కేంద్రం 9 కోట్లిస్తే రాష్ట్రం కోటి ఇస్తుంది. 9 కోట్లలో పది శాతం 90 లక్షలని రాసే పొరపాటు అక్కడ కూడా జరుగుతుంది, తేడా చిన్నది కావడంతో ఎవరి కంటా పడదు.

2 కోట్ల 40 లక్షలే అడిగితే ఏమవుతుందో చూడండి. అది నలభై శాతానికి సరిపోయే మొత్తం ఎంత? 6 కోట్లు. అందులో కేంద్ర వాటా 3 కోట్ల 60 లక్షలు మాత్రమే. అంటే కేంద్రం 6 కోట్లివ్వడానికి సిద్ధంగా ఉన్నా మన దగ్గర జత చేయవలసిన సొమ్ము లేక 2 కోట్ల 40 లక్షల కేంద్ర నిధులను వాడుకోలేం. పది కోట్ల పని ఆరు కోట్లకు కుదించుకుపోతుంది. 2021లో ప్రతి కేంద్ర ప్రాయోజిత పథకానికీ, అంటే కేంద్రం, రాష్ట్రం కలిసి ఖర్చు భరించే పథకానికి, రాష్ట్రంలో నిధులు చూసుకునే ఒకే నోడల్ ఏజెన్సీ, ఒకే ఖాతా ఉండాలన్న పద్ధతి వచ్చాక ఈ లోటు దాగదు. కేంద్ర వాటాతో పాటు రాష్ట్ర వాటా కూడా గడువులోగా అందకపోతే తర్వాతి వాయిదా ఆగిపోతుంది. అప్పుడు అనుబంధ పద్దు కోసం, అంటే ఏడాది మధ్యలో అదనపు ఆమోదం కోసం, అక్టోబరులోనో నవంబరులోనో పరుగులు పెట్టాలి, ఈలోపు డెంగీ కాలం ముగిసిపోయి ఉంటుంది.

4 కోట్లని సరిగ్గా తేల్చిన కొందరు మరో చోట జారిపడ్డారు. రాష్ట్రం ఇవ్వవలసింది 4 కోట్లే కదా అని డిమాండ్‌లో 4 కోట్లే చూపారు. ఈ అలవాటు ఎక్కడ నుంచి వచ్చిందో నాకు తెలుసు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైన తర్వాత చాలా ఏళ్ల పాటు కేంద్ర నిధులు రాష్ట్ర ఖజానాను తాకకుండా నేరుగా రాష్ట్ర ఆరోగ్య సొసైటీ ఖాతాకు వెళ్లేవి. అప్పటి గుమాస్తాలు రాష్ట్ర వాటా మాత్రమే బడ్జెట్‌లో చూపేవారు, ఆ కాలానికి అది సరైనదే. 2014-15 నుంచి కేంద్ర ప్రాయోజిత పథకాల నిధులు రాష్ట్ర సంఘటిత నిధి ద్వారానే, అంటే రాష్ట్ర రాబడి జమయ్యే ప్రధాన నిధి ద్వారానే, వస్తున్నాయి. సంఘటిత నిధిలోంచి శాసనసభ ఆమోదం లేకుండా రూపాయి కూడా తీయడానికి రాజ్యాంగం 266వ అధికరణం ఒప్పుకోదు, ఆ ఆమోదం 203వ అధికరణం కింద డిమాండ్ రూపంలోనూ, 204 కింద ద్రవ్య వినిమయ బిల్లు రూపంలోనూ వస్తుంది. కాబట్టి డిమాండ్‌లో 10 కోట్లు చూపాలి. కేంద్రం నుంచి వచ్చే 6 కోట్లు రాబడుల వైపు 1601 కింద, అంటే కేంద్రం ఇచ్చే గ్రాంట్ల ఖాతా కింద, వేరుగా కనిపిస్తాయి. ఖర్చులోంచి రాబడిని తీసివేసి నికరం చూపే పని ప్రభుత్వ పద్దుల్లో ఎప్పుడూ చేయకండి. 4 కోట్లకే ఆమోదం తీసుకుంటే, ఖాతాలో కేంద్ర సొమ్ము పడి ఉన్నా బిల్లు ఖజానా దాటదు.

ఇప్పుడు పరీక్ష కిట్ల సంగతి. 4,800ను 96తో భాగించి 50 ప్లేట్లని అందరూ రాశారు, ఒక్కరు కూడా ఆగి ఆలోచించలేదు. ఎలైజా ప్లేటులో 96 గుంటలుంటాయన్నది నిజమే. అన్ని గుంటలూ నమూనాలకే దక్కవు. పరీక్ష నడిపిన ప్రతిసారీ కొన్ని గుంటలు కంట్రోళ్లకు పోతాయి, అంటే ఫలితం తెలిసిన పాజిటివ్, నెగటివ్ సీరంలకు. అవి లేకుండా వచ్చిన రీడింగును ప్రయోగశాల అధికారి సంతకం పెట్టి బయటికి పంపలేడు. మన అభ్యాసంలో కంట్రోళ్లకు ప్రతిసారీ 6 గుంటలు కావాలని, వారానికి రెండుసార్లు పరీక్ష నడుపుతారని అనుకుందాం. ఏడాదికి 104 సార్లు, ఒక్కోసారి 6 గుంటల చొప్పున 624 గుంటలు. సందేహాస్పదంగా వచ్చిన నమూనాలను మళ్లీ పరీక్షించడానికి 5 శాతం, అంటే 240. మొత్తం 4,800, 624, 240 కలిపితే 5,664 గుంటలు, దాన్ని 96తో భాగిస్తే సరిగ్గా 59 ప్లేట్లు. ప్లేటుకు 20 వేలనుకుంటే మీరు అడిగింది 10 లక్షలు, కావలసింది 11 లక్షల 80 వేలు.

ఇక్కడ నమూనాల సంఖ్య కంటే పరీక్ష ఎన్నిసార్లు నడుస్తుందన్నదే ముఖ్యం. వేసవిలో మూడు రోజులకు పది నమూనాలు వచ్చినా వాటిని నెలాఖరు దాకా ఫ్రిజ్‌లో ఉంచి ఒకేసారి పరీక్షిస్తామంటే రోగి అప్పటిదాకా ఆగడు, కాబట్టి పది నమూనాలకైనా ఆరు కంట్రోళ్లు ఖర్చవుతాయి. వానలు మొదలయ్యాక ఒక్కోసారి ప్లేటు నిండిపోతుంది, అప్పుడు అవే ఆరు గుంటలు ఎనభై, తొంభై నమూనాల మీద పంచుకోబడతాయి. ఈ కారణంగానే నేను ఏడాది సగటుతో లెక్క వేయను. గత రెండేళ్ల ప్రయోగశాల రిజిస్టరు తెప్పించి, నెలవారీగా పరీక్ష నడిపిన రోజులు లెక్కపెడతాను. గత ఏడాది కేటాయింపుకు పది శాతం కలిపి అడిగే పద్ధతి చాలా కార్యాలయాల్లో ఉంది, నాకు అది ఏనాడూ నచ్చలేదు. ఎందుకు పది అని అడిగితే జవాబుండదు, 104 సార్లు అంటే రిజిస్టరు చూపించవచ్చు.

జీతాల లెక్కలో జూన్ నుంచి మార్చి దాకా పది నెలలని రాశారు. ప్రభుత్వ పద్దులు నగదు ప్రాతిపదికన నడుస్తాయి. మార్చి నెల జీతం ఏప్రిల్ మొదట్లో చెల్లిస్తారు కాబట్టి అది తర్వాతి ఏడాది ఖర్చులో పడుతుంది. జూన్ 1న చేరినవారికి ఈ ఏడాదిలో జూన్ జీతం నుంచి ఫిబ్రవరి జీతం దాకా తొమ్మిది నెలలే చెల్లింపు ఉంటుంది. వచ్చే ఏడాది మాత్రం మార్చి నుంచి ఫిబ్రవరి దాకా పూర్తి పన్నెండు నెలలు చూపండి, లేకపోతే మొదటి ఏడాది అంకెను చూసి రెండో ఏడాది కూడా తొమ్మిది నెలలకే కోత పెడతారు.

ఎలైజా రీడర్‌ను కొందరు రెవెన్యూ ఖర్చుల ఖాతా 2210లో, కొందరు మూలధన ఖర్చుల ఖాతా 4210లో చూపారు. మీ రాష్ట్రం గత ఏడాది పద్దుల పుస్తకంలో యంత్ర పరికరాలు ఎక్కడ పడ్డాయో చూసి అక్కడే చూపండి. దాని వారంటీ ముగిసిన తర్వాత నిర్వహణ ఒప్పందానికి అయ్యే ఖర్చును ఎవరూ రాయలేదు, అది తప్పకుండా రెవెన్యూ వైపు రావాలి. మూలధనం కింద ఇచ్చిన సొమ్మును రెవెన్యూ ఖర్చుకు మళ్లించడం కుదరదు కాబట్టి, తర్వాత సర్దుకుందామన్న ఆశ పెట్టుకోవద్దు.

మరొక్క మాట, అంకెలు రాసే తీరు గురించి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వివరణాత్మక పద్దుల పుస్తకాల్లో అంకెలు వేల రూపాయల్లో ఉంటాయి. పూర్తి అంకెలోని చివరి మూడు సున్నాలు మాత్రమే తీసేసి, మిగిలిన కామాలను ఉన్నచోటే ఉంచుతారు. 25 లక్షలు అక్కడ 25,00 అవుతుంది, 10 కోట్లు 10,00,00 అవుతుంది. కొత్తలో నేను ఈ కామాను చూసి అచ్చుతప్పనుకుని, 25 లక్షల పనికి వేల నిలువు వరుసలో 25,00,000 అని కొట్టి పంపాను. అంటే 250 కోట్లు. దస్త్రం మర్నాడే ఎర్ర సిరాతో సున్నాల చుట్టూ గుండ్రం గీసి తిరిగొచ్చింది. అప్పటి నుంచి లెక్కంతా పూర్తి రూపాయల్లో చేసి, ఆఖరున ఒకేసారి వేలల్లోకి మార్చడం అలవాటు చేసుకున్నాను. మధ్యలో మార్చితే కిట్లు వేలల్లో, జీతాలు రూపాయల్లో కలగలిసిపోతాయి.

ఖర్చు ఎందుకన్న గడిలో కొందరు 2017 జాతీయ ఆరోగ్య విధానాన్ని ఉటంకించారు. రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో 8 శాతానికి మించి ఆరోగ్యానికి ఖర్చు చేయాలని ఆ విధానం చెప్పిన మాట వాస్తవమే. ఆ వాక్యం శాఖ మొత్తానికి సంబంధించిన చర్చలో పనికొస్తుంది. 59 ప్లేట్లు ఎందుకని అడిగినవాడికి మాత్రం అది జవాబు కాదు, దాన్ని వచ్చే పాఠం దాకా పక్కన పెట్టండి.

ఈసారి అభ్యాసం కొంచెం బరువుగానే ఉంటుంది. ఒక ప్రయోగశాలకు ఏడాదికి 7,200 నమూనాలు వస్తాయి. జూలై నుంచి అక్టోబరు దాకా 17 వారాల పాటు వారానికి మూడుసార్లు, మిగిలిన 35 వారాలు వారానికి ఒకసారి పరీక్ష నడుపుతారు. కంట్రోళ్లకు ప్రతిసారీ 6 గుంటలు, మళ్లీ పరీక్షించడానికి 5 శాతం, ప్లేటు ధర 20 వేలు అనుకోండి. నెలకు 40 వేల జీతంతో ఒక మైక్రోబయాలజిస్టు ఆగస్టు 1న చేరతారు. కేంద్ర వాటా 4 కోట్ల 50 లక్షలు, నిష్పత్తి 60:40. ముందు డిమాండ్ మొత్తం కట్టండి. తర్వాత ఆర్థిక శాఖ రాష్ట్ర వాటాలో పది శాతం కోత పెట్టిందనుకుని, మిగిలిన రాష్ట్ర వాటాతో ఎంత కేంద్ర సొమ్ము వాడుకోగలమో, మొత్తం పని ఎంతకు తగ్గుతుందో తిరిగి లెక్క కట్టండి. చివరి అంకెలను వేల రూపాయల్లో, కామాలతో సహా రాయండి. ప్రతి అంకె పక్కన దాని గుణకారం కూడా చూపండి, అది లేని జవాబులను ఈసారి దిద్దను.