బేసిల్ పెస్టో: ఆకు నల్లబడకుండా ఇంట్లో ఎలా చేయాలి?

పెస్టో అంటే బేసిల్ ఆకు, గింజలు, చీజ్, ఆలివ్ నూనెతో నూరే ఇటలీ పచ్చడి, పాస్తాలో కలుపుకుంటారు. చేయడానికి అరగంట కూడా పట్టదు. పొయ్యి వెలిగించే పని కూడా లేదు. అయినా చాలా ఇళ్లలో అది నల్లగా, చేదుగా, నూనె విడిపోయి తయారవుతోంది. ఎక్కువగా తప్పు జరిగేది ఒకే చోట, ఆకు నూరే దగ్గర. అందుకే మిగతావి గబగబా చెప్పేసి ఆ సంగతికి వస్తాను.

కావలసినవి

కాడలు తీసేసిన బేసిల్ ఆకులు 60 నుంచి 70 గ్రాములు, పైన్ గింజలు 30 గ్రాములు, పార్మెజాన్ చీజ్ తురుము 50 గ్రాములు, పెకరీనో (గొర్రెపాల చీజ్) తురుము 30 గ్రాములు, వెల్లుల్లి రెబ్బ ఒకటి, కల్లుప్పు అర టీస్పూను, ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె 70 మిల్లీలీటర్లు. నలుగురైదుగురికి సరిపోతుంది.

చీజ్ ముక్కగా కొని అప్పటికప్పుడు తురుముకోండి. ప్యాకెట్లో వచ్చే తురుము అంటుకోకుండా పొడులు కలుపుతారు, అవి పెస్టోని పిండి పిండిగా చేస్తాయి. పైన్ గింజలు వేయించకండి. వేయిస్తే ఆ వాసనే ముందుకొచ్చి ఆకు వెనక్కి పోతుంది. అవి దొరక్కపోతే వాల్‌నట్స్ వాడొచ్చు, పైపొర చేదుగా ఉంటుంది కాబట్టి వేడినీళ్లలో నానబెట్టి ఒలిచేయండి. వెల్లుల్లి ఒక్క రెబ్బే. రెండు వేస్తే మీరు చేసింది వెల్లుల్లి ముద్ద అవుతుంది.

ఆకు ఎంపిక

లేత మొక్క, చిన్న ఆకులు. పూత వచ్చిన మొక్క ఆకు చేదెక్కుతుంది, అది వద్దు. పెస్టో పుట్టిన ఇటలీలోని జెనోవాలో, ముఖ్యంగా ప్రా అనే పేటలో, మొక్కల్ని చాలా లేతగా ఉండగానే వేళ్లతో సహా పీకి కట్టలు కడతారు. ఆ ప్రాంతపు బేసిల్‌కి 2005లో యూరోపియన్ యూనియన్ రక్షిత గుర్తింపు కూడా వచ్చింది. అది మనకు దొరకాలని లేదు, లేతదనం మాత్రం తప్పనిసరి. థాయ్ బేసిల్, తులసి దీనికి పనికిరావు, వాటి ఘాటు వేరు.

తెచ్చిన కట్టను ఫ్రిజ్‌లో పెట్టకండి. ఆ చలికి ఆకు మచ్చలు పడి నల్లబడుతుంది. కాడలు నీళ్లగ్లాసులో మునిగేలా బయటే ఉంచండి. చేసే ముందు చన్నీళ్లలో కడిగి, గుడ్డ మీద పరిచి పూర్తిగా ఆరనివ్వండి. తొందరపడి గుడ్డతో రుద్దితే అక్కడే నలుగుతుంది, నలిగిన చోటల్లా నలుపు మొదలవుతుంది.

నూరడం

ఇక్కడ నెమ్మదించండి. ఆకు కణాలు చిట్లగానే లోపలి ఎంజైము ఒకటి గాలితో కలిసి ఆకులోని పదార్థాల్ని గోధుమరంగులోకి మారుస్తుంది. కోసిన ఆపిల్ రంగు మారేదీ ఇలాగే. వేడి తగిలితే ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. మిక్సీలో జరిగేది అదే: బ్లేడు ఆకును తరుగుతుంది, రాపిడికి వేడెక్కుతుంది, గాలిని కూడా లోపలికి కొడుతుంది. రోట్లో ఆకు నలుగుతుంది, చల్లగా ఉంటుంది, సువాసన నూనెలు మెల్లగా బయటికొస్తాయి. 1863లో జెనోవాలో అచ్చయిన వంటల పుస్తకంలోని పెస్టోలో డచ్ చీజ్ ఉంది, వెన్న కూడా ఉంది. అంటే చీజ్ విషయంలో వాళ్లు మారారు. రోలు మాత్రం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. 2007 నుంచి ఆ ఊళ్లో జరుగుతున్న ప్రపంచ పెస్టో పోటీలో ఇప్పటికీ పాలరాతి రోలు, చెక్క రోకలితోనే చేయాలి. దీన్ని పాతకాలపు చాదస్తం అనేవాళ్లు రెండు రకాలూ చేసి, పక్కపక్కన పెట్టి రుచి చూడండి.

లోపలివైపు నున్నగా ఉండే రోలు తీసుకోండి. మసాలాలు దంచిన రోలు అసలు వద్దు. ముందు వెల్లుల్లిని రెండు ఉప్పురాళ్లతో మెత్తగా నూరండి. తర్వాత పైన్ గింజలు వేసి వెన్నలా అయ్యేదాకా నూరండి. గింజలు చివర్లో వేసేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. ముందే ఉంటే వాటి కొవ్వు ఆకును చుట్టుకుని గాలి నుంచి కొంత కాపాడుతుంది.

ఇప్పుడు గుప్పెడు ఆకులు, నాలుగు ఉప్పురాళ్లు. అన్నీ ఒకేసారి కుక్కకండి. దంచకండి. రోకలిని రోలు లోపలి గోడకు ఆనించి గుండ్రంగా తిప్పుతూ, రెండో చేత్తో రోలును ఎదురు దిశలో కొంచెం కొంచెంగా తిప్పండి. ఉప్పు రాళ్ల అంచులు ఆకును చీలుస్తాయి. సన్నుప్పుకి ఆ పట్టు లేదు. నిగనిగలాడే పచ్చటి రసం ఊరాక ఇంకో గుప్పెడు వేయండి. మధ్యలో ఫోను మోగినా వదిలేయండి. సగం నలిగిన ఆకు గాలికి ఆగదు.

ఆకంతా నలగగానే చీజ్‌లు వేసి రెండు తిప్పులు తిప్పి, నూనె సన్నధారగా పోస్తూ కలపండి. నిమ్మరసం పిండకండి. పులుపుకి పత్రహరితం కాసేపటికి ఆకుపచ్చ పోయి మురికి రంగుకి తిరుగుతుంది. ఆకును మరిగే నీళ్లలో ముంచి తీసే పద్ధతి కూడా ఉంది. అంత వేడికి ఎంజైము పనిచేయడమే ఆగిపోయి రంగు నిలుస్తుంది, నిజమే. కానీ సువాసన కొంత ఆ నీళ్లలోనే పోతుంది. రంగు కోసం వాసన వదులుకోవడం నాకు నచ్చదు.

మిక్సీ తప్పకపోతే జారు, బ్లేడు అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, నూనె ముందే పోసి, సెకను సెకను చొప్పున ఆపి ఆపి తిప్పండి. చీజ్ మాత్రం చేత్తోనే కలపండి.

వాడకం, నిల్వ

పెస్టోని పొయ్యి మీద పెట్టకూడదు. పాస్తా వార్చి, స్టవ్ కట్టేశాక, పాస్తా ఉడికించిన నీళ్లు రెండు మూడు చెంచాలు పోసి కలపండి. జెనోవా వాళ్లు అదే గిన్నెలో బంగాళాదుంప ముక్కలు, బీన్స్ కూడా ఉడికిస్తారు. చేసి చూడండి, బాగుంటుంది.

మిగిలితే చిన్న గాజు సీసాలో నింపి, పైన నూనె పొర పోసి ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజుల్లో వాడేయండి. బయట ఉంచకండి. నూనెలో మునిగిన పచ్చి వెల్లుల్లిలో బొటులిజం (ప్రాణం మీదికి తెచ్చే ఆహార విషం) కలిగించే బ్యాక్టీరియా పెరగగలదు, అది వాసనకు తెలియదు. ఎక్కువ రోజులకైతే చీజ్ కలపకుండా ఐస్ ట్రేలో గడ్డకట్టించండి. వాడే రోజు ఫ్రిజ్‌లోనే కరగనిచ్చి, చీజ్ అప్పుడు తురిమి కలపండి.