యూవీ ప్రింట్‌లో రంగు కలవట్లేదా? ప్రొఫైల్ జోలికి వెళ్లే ముందు ఇవి చూడండి

యూవీ ప్రింట్ అంటే యూవీ కాంతి తగిలితే గట్టిపడే ఇంక్‌తో వేసేది, ప్రొఫైల్ అంటే ఏ రంగుకి ఏ ఇంక్ ఎంత పడాలో ప్రింటర్‌కి చెప్పే ఫైలు. శాంపిల్‌తో రంగు కలవలేదనగానే చాలామంది చేసే మొదటి పని సాఫ్ట్‌వేర్ తెరిచి సయాన్ కాస్త తగ్గించి మెజెంటా కాస్త పెంచడం. నేనూ అదే చేసేవాణ్ణి, షీట్లు బోలెడు పాడయ్యాక తెలిసింది, తేడా చాలాసార్లు రంగులో కాదు, ఇంక్ గట్టిపడే తీరులో ఉంటుందని.

సమస్య: ఆరినట్టే ఉంది, కానీ గోటితో గీకితే పొరలా లేస్తోంది

దీనికి రెండు కారణాలు ఉండొచ్చు, పరిష్కారాలు వేర్వేరు. దూదిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి ప్రింట్ మీద రుద్దండి. దూదికి రంగు బాగా అంటితే ఇంక్ సరిగా క్యూర్ కాలేదన్నమాట, అంటే కాంతికి పూర్తిగా గట్టిపడలేదు. రంగు అంటకుండా, టేపు వేసి లాగితే మాత్రం ఊడొస్తే ఇంక్ మెటీరియల్‌ని పట్టుకోలేదు.

క్యూర్ సమస్య అయితే ముందు ల్యాంప్ చూడండి. మెర్క్యురీ ల్యాంప్ కంటికి బాగానే వెలుగుతుంది గానీ పాతబడేకొద్దీ అందులో యూవీ తగ్గిపోతుంది, ఆ సంగతి మీటర్ పెడితే తప్ప తెలీదు. రిఫ్లెక్టర్ మీద దుమ్ము కూడా తుడవండి. ఎల్ఈడీ మెషిన్లు ఎక్కువగా 395 నానోమీటర్ల దగ్గర పనిచేస్తాయి, కాబట్టి మెర్క్యురీ కోసం చేసిన ఇంక్ వాటిలో పోస్తే జిగురుగానే మిగలొచ్చు. నలుపు మందంగా పడినచోట కాంతి అడుగుదాకా దిగదు, పైన గట్టిగా, లోపల మెత్తగా ఉంటుంది. స్పీడ్ తగ్గించండి, లేదా ఇంక్ లిమిట్ (ఒకచోట పడే ఇంక్ గరిష్ఠ మోతాదు) తగ్గించండి.

పట్టు సమస్య అయితే డైన్ పెన్‌తో (ఉపరితలం ఇంక్‌ని ఎంత పట్టుకోగలదో డైన్లలో చూపే పరీక్ష పెన్) గీత గీయండి. గీత చెదరకుండా నిలవాలి, బొట్లుబొట్లుగా విడిపోతే ఉపరితలం సరిపోదు. మామూలుగా 38 డైన్లు పైన ఉంటే నయం. పాలీప్రొపైలిన్ 30 దగ్గరే ఉంటుంది, దానికి ప్రైమరో (పట్టు కోసం ముందు పూసే పూత) కరోనా ట్రీట్‌మెంటో (విద్యుత్ డిశ్చార్జితో ఉపరితలాన్ని సిద్ధం చేయడం) తప్పదు.

సమస్య: ప్రింట్ కాగానే తెలుపు పసుపు పచ్చగా కొట్టింది, మర్నాటికి బాగుంది

ఇంక్‌లోని ఫొటోఇనిషియేటర్ల (కాంతి తగలగానే గట్టిపడటం మొదలెట్టించే రసాయనాల) వల్ల వచ్చే తాత్కాలిక పసుపు ఇది, ఎల్ఈడీ ఇంకుల్లో ఎక్కువ. అప్పటికప్పుడు కొలిచి రంగు సరిచేస్తే రేపు నీలం పాలు ఎక్కువై కూర్చుంటుంది. ఒక రోజు ఆగి కొలవండి.

సమస్య: మన దగ్గర కలిసింది, బోర్డు తగిలించాక కలవలేదు

వేరే పిగ్మెంట్లతో వచ్చిన రెండు రంగులు ఒక వెలుతురులో ఒకేలా, మరో దాంట్లో వేరుగా కనపడతాయి, దీన్నే మెటామెరిజం అంటారు. డెల్టా ఈ (రెండు రంగుల మధ్య తేడాని చెప్పే కొలత) ఎంత తక్కువొచ్చినా అది ఒక్క లైటుకి లెక్కగట్టిన అంకె మాత్రమే. డీ50 (పగటి వెలుతురుని పోలిన ప్రామాణిక లైటు) కింద చూడండి, ఆ తర్వాత బోర్డు ఉండబోయే లైటు కిందా చూడండి. లోపల లైటు ఉండే బోర్డు అయితే లైటు వేసి చూడకుండా ఓకే చెప్పొద్దు, మామూలు డెన్సిటీతో వేసిన ఎరుపు వెనక నుంచి వెలుగు రాగానే వెలిసిపోయినట్టుంటుంది. దానికి రంగు రెండుసార్లు వేయాలి, మధ్యలో తెలుపు పొర పెట్టి.

తెలుపు మాటొచ్చింది కాబట్టి: తెలుపు ఇంక్‌లో ఉండే టైటానియం డయాక్సైడ్ బరువు, అడుక్కి దిగిపోతుంది. ట్యాంకు కదపకుండా వేస్తే తెలుపు పల్చబడి పైనున్న రంగులన్నీ మారిపోతాయి, నింద మాత్రం ప్రొఫైల్ మీద పడుతుంది.

సమస్య: స్క్రీన్ ప్రింటింగ్‌లో అదే ఇంక్, ఈసారి షేడ్ వేరు

మెష్ (ఇంక్ దిగే జాలి గుడ్డ) మార్చారా? యూవీ ఇంక్‌లో ఆవిరైపోయే సాల్వెంట్ దాదాపు ఉండదు, మెష్‌లోంచి దిగినదంతా పొరగా మిగులుతుంది. సెంటీమీటరుకి 140 దారాల మెష్‌తో కలిపిన రంగుని 165తో వేస్తే పల్చబడుతుంది. శాంపిల్ కూడా అసలు మెష్‌తోనే తీయండి, వేలితో పూసి చూసుకుంటే లాభం లేదు.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా తేడా ఉంటే అప్పుడు లీనియరైజేషన్ (ఒక్కో ఇంక్ మోతాదు అడిగినంతే పడేలా సరిచేయడం) మళ్లీ చేసి, అదే మెటీరియల్ మీద కొత్త ప్రొఫైల్ తీయండి. అయినా మెరిసే నారింజ లాంటి కొన్ని రంగులు నాలుగు ఇంకులతో (సయాన్, మెజెంటా, పసుపు, నలుపు) అసలు రావు. ఆ మాట కస్టమర్‌కి షీట్ ఎక్కించకముందే చెప్పేయండి.