తెల్లనివన్నీ కోపాలిమర్లు కావు

క్లోరల్, ఫినైల్ ఐసోసయనేట్ అనే రెండు ద్రవాలను కలిపి గడ్డకట్టించడం పెద్ద పని కాదు. ఆ గడ్డను కోపాలిమర్ (రెండు రకాల అణువులూ ఒకే గొలుసులో చేరిన పదార్థం) అని నోటుపుస్తకంలో రాసుకోగలగడమే కష్టం. నా దగ్గర పని నేర్చుకునేవాళ్లకు చెప్పే పద్ధతి ఇది.

మొదటి శత్రువు తేమ. నీరు తగిలితే క్లోరల్ హైడ్రేట్ అవుతుంది, ఐసోసయనేట్ డైఫినైల్ యూరియాగా మారుతుంది. రెండూ తెల్లనివే, రెండూ ఘనపదార్థాలే! అందుకే వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దంటాను. గాజు సామగ్రిని ఓవెన్లో ఆరబెట్టి, నైట్రోజన్ కింద చల్లారనివ్వాలి. క్లోరల్‌ను ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ మీద స్వేదనం చేసి అదే రోజు వాడాలి. ఐసోసయనేట్‌ను తక్కువ పీడనంలో స్వేదనం చేయాలి. 1984లో భోపాల్‌లో లీకైన వాయువు ఈ ఐసోసయనేట్ల కుటుంబానిదే, కాబట్టి ఫ్యూమ్ హుడ్ (విషవాయువులను లాగేసే అర) బయట సీసా మూత తీయనివ్వను.

స్వచ్ఛమైన క్లోరల్ సుమారు 58 డిగ్రీల సెల్సియస్ పైన పాలిమర్‌గా, అంటే గొలుసుగా, మారదు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో ఒట్టో వోగల్ బృందం ఈ గుణాన్నే ఉపాయంగా మార్చుకుంది. 60 డిగ్రీలు దాటిన మిశ్రమంలోకి ఇనిషియేటర్‌ను (గొలుసు కట్టడం మొదలుపెట్టించే రసాయనాన్ని) సిరంజితో ఎక్కించి, అది బాగా కలిశాక కదపకుండా మంచు నీటిలో పెట్టాలి. లిథియం టెర్షియరీ బ్యుటాక్సైడ్ అయితే 0.2 మోల్ శాతంతో (బరువు కాదు, అణువుల లెక్కన) మొదలుపెట్టండి. చల్లగా ఉన్నప్పుడే పోస్తే, పోసిన చోటే గట్టిపడి మిగతాది ద్రవంగా మిగిలిపోతుంది.

పక్కనే ఇంకో ఫ్లాస్కు పెట్టండి. అందులో క్లోరల్ ఉండకూడదు, మిగతావన్నీ అవే. ఆ బ్యుటాక్సైడ్‌లాంటి ఆల్కాక్సైడ్ తగిలితే ఐసోసయనేట్ మూడేసి అణువులుగా చుట్టుకుని ట్రైమర్ అవుతుంది. తనంతట తాను ఏం చేస్తుందో ఆ రెండో ఫ్లాస్కు చెబుతుంది. చాలామంది బద్ధకించేది ఇక్కడే.

మొదటి ఫ్లాస్కులోని గడ్డను పొడి చేసి, కొద్దిగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన మిథనాల్‌లో నానబెట్టండి. తర్వాత సాక్స్‌లెట్‌లో (ద్రావణిని మళ్లీమళ్లీ పొడి మీదుగా పంపే గాజు పరికరంలో) వేడి అసిటోన్‌తో కడగాలి. క్లోరల్ పాలు ఎక్కువున్న పాలిమర్ కరగదు, యూరియా, ట్రైమర్ దిగిపోవాలి. కడిగిన అసిటోన్ పారబోయకండి. ఐసోసయనేట్ పాలు ఎక్కువైన గొలుసులు కరిగి అందులోకి పోయి ఉండవచ్చు.

ఐఆర్‌లో (పరారుణ వర్ణపటంలో) 2270 సెం.మీ⁻¹ దగ్గర శిఖరం ఉంటే ఐసోసయనేట్ ఇంకా మిగిలి ఉన్నట్టు. 1650 దగ్గర కార్బొనిల్ (కార్బన్-ఆక్సిజన్ ద్విబంధం), 3300 దగ్గర ఎన్-హెచ్ (నైట్రోజన్-హైడ్రోజన్ బంధం) శిఖరాలు కలిసి కనబడితే యూరియాను అనుమానించండి. ట్రైమర్ 1710 దగ్గర వస్తుంది. మనకు కావలసిన కోపాలిమర్‌లోని యూరెథేన్ తరహా కార్బొనిల్ ఆ పక్కనే కూర్చుంటుంది కాబట్టి ఐఆర్ ఒక్కదాన్నే నమ్మి తీర్పు చెప్పవద్దు.

ఇక లెక్క. క్లోరల్‌లో క్లోరిన్ 72.16 శాతం, ఫినైల్ ఐసోసయనేట్‌లో నైట్రోజన్ 11.76 శాతం. మీ పొడిలో క్లోరిన్ 60 శాతం వచ్చిందనుకోండి. బరువులో సుమారు 83 శాతం క్లోరల్ అన్నమాట. మోల్స్‌లోకి మారిస్తే నాలుగు క్లోరల్‌కు ఒక ఐసోసయనేట్. అప్పుడు నైట్రోజన్ 2 శాతం దగ్గర రావాలి. రాకపోతే పొడిలో అసిటోన్ మిగిలిందేమో చూసి, వాక్యూమ్‌లో మళ్లీ ఆరబెట్టండి. అయితే ట్రైమర్‌లోనూ నైట్రోజన్ అదే 11.76 శాతం. అది పొడిలో దాక్కున్నా ఈ లెక్క కుదిరినట్టే కనబడుతుంది. అందుకని కడిగిన పొడిలో కొంత తీసి ఇంకోసారి సాక్స్‌లెట్‌కు పంపి, నైట్రోజన్ మళ్లీ చూడండి. తగ్గకపోతేనే నోటుపుస్తకం తెరవండి.