పుస్తకాల దుకాణంలో హత్య: కోజీ మిస్టరీ నవల రాయడం ఎలా?

చిన్న ఊళ్లోని పుస్తకాల దుకాణం నేపథ్యంగా కోజీ మిస్టరీ, అంటే రక్తపాతం చూపకుండా నడిచే డిటెక్టివ్ నవల రాయదలచినవారు కలం పట్టేముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. దుకాణాన్ని తీసేసి ఆ స్థానంలో పూల దుకాణమో బట్టల దుకాణమో పెట్టినా కథ అలాగే నడుస్తుందా? నడిచేటట్లయితే నవలకు పునాది ఇంకా పడలేదు. పాత కాగితం వాసన, కిటికీ పక్కన వాలు కుర్చీ, కౌంటర్ మీద నిద్రపోయే పిల్లి పాఠకుణ్ణి లోపలికి రప్పించగలవు గాని మూడు వందల పేజీలు కూర్చోబెట్టలేవు. పుస్తకాలు అమ్మే మనిషి కంటికి మాత్రమే ఆనే ఆధారం వల్ల హంతకుడు పట్టుబడితేనే ఈ నేపథ్యాన్ని ఎంచుకున్నందుకు సార్థకత.

ఈ తరహా నవలల కట్టుబాట్లు పాఠకులకు బాగా తెలిసినవే. పరిశోధించేది వృత్తిరీత్యా పోలీసు కాని మామూలు మనిషి. హత్య తెర వెనుక జరుగుతుంది. రక్తపాతం, శృంగారం వర్ణనలోకి రావు. చివరికి నేరస్థుడు దొరికి ఊరు కుదుటపడుతుంది. 1929లో ఆంగ్ల రచయిత రొనాల్డ్ నాక్స్ డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. వాటిలో కొన్నింటికి కాలం చెల్లినా రెండు మాత్రం ఈనాటికీ శిరోధార్యాలు: నేరస్థుడు కథ మొదట్లోనే కనిపించాలి, పరిశోధకుడికి దొరికిన ప్రతి ఆధారం పాఠకుడికీ వెంటనే దొరకాలి. కోజీ మిస్టరీ పాఠకులు హింస తక్కువైనందుకు ఏమీ అనుకోరు గాని, ఆధారం దాచిపెట్టి మోసం చేస్తే ఆ రచయిత రెండో పుస్తకం ముట్టుకోరు.

పుస్తకాల వ్యాపారంలోని జ్ఞానం నేరాన్ని ఎలా బయటపెడుతుందో తెలుసుకోవడానికి నిజంగా జరిగిన ఒక ఉదంతం చాలు. ఆంగ్ల కవయిత్రి ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్ ప్రేమ కవితల చిన్న పుస్తకం ఒకటి 1847లో అచ్చయినదిగా చలామణి అవుతూ, అరుదైన ప్రతిగా సేకర్తల చేతుల్లో మంచి ధర పలికేది. జాన్ కార్టర్, గ్రాహం పొలార్డ్ అనే ఇద్దరు యువ పుస్తక వ్యాపారులు దాని కాగితాన్ని పరీక్ష చేయించారు. అందులో రసాయనాలతో శుద్ధిచేసిన కలప గుజ్జు కనిపించింది. బ్రిటన్‌లో అచ్చు కాగితానికి ఆ గుజ్జు వాడకం 1874కు ముందు లేదు కాబట్టి, 1847 నాటి పుస్తకమన్న మాట అక్కడే వీగిపోయింది. అక్షరాల అచ్చు రూపం కూడా తర్వాతి కాలానిదేనని తేలింది. 1934లో వారు వెలువరించిన పుస్తకం, ఎంతో పేరుప్రతిష్ఠలున్న సేకర్త థామస్ జె. వైజ్ చేతుల మీదుగా వచ్చిన ఇలాంటి ప్రతుల గుట్టంతా విప్పింది. పరువు పోతుందన్న భయం, డబ్బు, ఏళ్ల తరబడి మోసపోయిన కొనుగోలుదారులు: హత్యకు కావలసిన ప్రేరణలన్నీ ఈ ఒక్క ఉదంతంలోనే ఉన్నాయి.

మీ నవలకు ఇంత పెద్ద కుట్ర అవసరం లేదు. దుకాణంలో రోజూ చేతికి తగిలే వివరాలే చాలు. ఇంగ్లీషు పుస్తకాలు చాలావాటిలో ముద్రణ వివరాల పేజీ అడుగున ఒకటి నుంచి పది వరకు అంకెల వరుస ఉంటుంది. పునర్ముద్రణ జరిగినప్పుడల్లా అందులో అన్నిటికంటే చిన్న అంకెను తొలగిస్తారు. కాబట్టి మిగిలినవాటిలో చిన్నది నాలుగైతే చేతిలో ఉన్నది నాలుగో ముద్రణ. ఇప్పుడు ఒక పెద్దమనిషి తన దగ్గరున్న పుస్తకం తొలి ముద్రణ అని చెప్పి భారీ ధరకు అమ్మాడనీ, నిజానికి తొలి ముద్రణ తాలూకు పైఅట్టను తీసి నాలుగో ముద్రణకు తొడిగాడనీ, కొన్న వ్యక్తి ఆ సంగతి పసిగట్టిన రోజునే చనిపోయాడనీ అనుకుందాం. ఈ ఆధారాన్ని పాఠకుడి ముందు ఎలా పెట్టాలి? మూడో అధ్యాయంలో దుకాణం నడిపే కథానాయిక కొత్తగా చేరిన కుర్రాడికి పాత పుస్తకాలకు ధర కట్టడం నేర్పుతూ ఆ అంకెల సంగతి చెబుతుంది. అది పని నేర్పే సన్నివేశంలాగే కనిపించాలి. ఏడో అధ్యాయంలో హతుడి గదిలో ఉన్న పుస్తకాన్ని తెరిచి, ఎవరికి అంకితమిచ్చారో చూస్తూ, కింద నాలుగుతో మొదలైన అంకెల వరుస మీదుగా చూపు జారుస్తుంది. ఆ వెంటనే తలుపు చప్పుడు కావాలి, లేదా అంకితంలోని పేరు మీద వాదన రేగాలి. ఆధారం పాఠకుడి కంట పడింది, దృష్టి మాత్రం వేరేచోటికి వెళ్లింది.

పుస్తకాన్ని గుర్తించడానికి ఇచ్చే ఐఎస్‌బీఎన్ సంఖ్య కూడా ఇలాగే పనికొస్తుంది. అది పది అంకెల నుంచి పదమూడు అంకెలకు మారింది 2007 జనవరిలో. ముద్రణ వివరాల పేజీలో పదమూడు అంకెల సంఖ్య మాత్రమే ఉన్న పుస్తకం మొదటి పేజీలో 1998 నాటి సంతకం కనిపిస్తే, ఆ సంతకం పెట్టిన మనిషి అబద్ధమాడుతున్నాడు.

కొనుగోలుదారుల ఆర్డర్ల పుస్తకం జోలికి వెళ్లేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. విషాల గురించిన పుస్తకం తెప్పించుకున్నవాడే హంతకుడు అనడం మరీ తేలిక. దాన్ని పాఠకుణ్ణి దారి తప్పించడానికి వాడుకోవడమే మేలు. అంతకంటే విలువైనది అందులో దాగిన సంఘర్షణ. ఎవరేం చదువుతారో బయటపెట్టకపోవడం పుస్తకాలమ్మేవారి ధర్మం. విడాకుల చట్టం గురించో, నయంకాని జబ్బు గురించో చదువుతున్నవాళ్లు కథానాయికను నమ్మి ఆ పుస్తకాలు తెప్పించుకున్నారు. పోలీసులు రిజిస్టరు అడిగితే ఆమె ఏం చేస్తుంది? ఈ ప్రశ్నకు ఒక అధ్యాయమంతా కేటాయించినా దండగ కాదు. కథానాయిక వ్యక్తిత్వం ఇక్కడ బయటపడినంతగా ఛేదన ఘట్టంలో కూడా బయటపడదు.

రాయడం మొదలుపెట్టేముందు హంతకుడి వైపు నుంచి జరిగిందంతా తేదీలు, వేళలతో సహా ఒక కాగితం మీద పెట్టుకోండి. అతనికి ఏం కావాలి, ఏది అడ్డొచ్చింది, ఎక్కడ తడబడ్డాడు, ఆ తడబాటును ఏ అబద్ధంతో కప్పాడు అన్నవి తేలాకే పరిశోధన రాయాలి. అనుమానితులు నలుగురైదుగురు చాలు. ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి దాచాలి గాని, నిర్దోషులు దాచేది హత్యతో సంబంధం లేనిదై ఉండాలి. రహస్యం బయటపడ్డాక వాళ్ల మీద పాఠకుడికి జాలి కలిగితే మీరు పాత్రను సరిగ్గా మలిచినట్టే.

కథానాయిక ఈ వ్యవహారంలో ఎందుకు తలదూర్చాలన్నది చాలామంది తేలిగ్గా వదిలేస్తారు. ఉత్సుకత ఒక్కటే సరిపోదు. అనుమానం ఆమె మీదికో, ఆమె దగ్గర పనిచేసే కుర్రాడి మీదికో రావాలి, లేదా దుకాణం మూతపడే పరిస్థితి తలెత్తాలి. ఆమె ఆరా తీయడానికి బయటికి వెళ్తే కౌంటర్ దగ్గర ఎవరుంటారో కూడా ముందే ఏర్పాటు చేసుకోండి. పోలీసు అధికారిని తెలివితక్కువవాడిగా చూపించడం పాత చిట్కా, దాన్ని మానేయడం మంచిది. అతను సమర్థుడే, కాగితం చూసి కాలం చెప్పడం మాత్రం అతనికి రాదు. ఆ ఒక్క లోటు చాలు ఇద్దరూ ఒకరికొకరు అవసరమవడానికి. ఊరి విషయానికొస్తే, దుకాణం, దాని చుట్టుపక్కల నాలుగైదు స్థలాలు, పాత్రల మధ్య పాత బాకీలు, బంధుత్వాలు స్పష్టంగా ఉంటే సరిపోతుంది.

మొదటి ప్రతి పూర్తయ్యాక ఆధారాలన్నిటికీ ఒక రంగు, తప్పుదారి పట్టించేవాటికి మరో రంగు గీతలు పెట్టి, హంతకుడు ఎవరో తెలిసిన కళ్లతో నవలంతా మళ్లీ చదవండి. మొదటి రంగు చివరి అధ్యాయాల్లోనే గుమిగూడితే కొన్నిటిని మొదటి అధ్యాయాల వైపు జరపాలి. ఆ తర్వాత పాత పుస్తకాల వ్యాపారం తెలిసిన ఒకరికి, ఏమీ తెలియని మరొకరికి ప్రతి ఇచ్చి, హంతకుడు ఎవరని ఏ పేజీలో అనిపించిందో అంచున రాయమనండి. తెలిసినవారు సగంలోనే పట్టేస్తే ఫర్వాలేదు. తెలియనివారు మాత్రం చివరికొచ్చాక వెనక్కి తిప్పి, మూడో అధ్యాయంలోని ఆ పాఠాన్ని వెతుక్కుని చదువుకోగలగాలి. వారికి అది దొరకకపోతే ఆ అధ్యాయాన్ని తిరగరాయండి.