చియాంగ్ మాయ్‌లో పొగ నెలలు: రిటైరై స్థిరపడినవారు జనవరిలోనే చేసుకోవాల్సిన పనులు

ఉత్తర థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌కి రిటైరై వెళ్లేవాళ్లు చాలామంది ఆ ఊరిని మొదట డిసెంబరులో చూస్తారు. చల్లటి గాలి, పడమటి దిక్కున పచ్చగా దోయ్ సుతేప్ కొండ. చాలా ఏళ్లు ఫిబ్రవరి సగమయ్యేసరికి ఆ కొండ కనుమరుగవుతుంది. అక్కణ్నుంచి ఏప్రిల్ ఆఖరు దాకా ఊరంతా పొగ. అరవై దాటినవాళ్లు, గుండె జబ్బు, ఆస్తమా, సీవోపీడీ (ఊపిరితిత్తుల గాలిదారులు ఇరుకయ్యే దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవాళ్లు ఏర్పాట్లన్నీ జనవరిలోనే ముగించుకోవాలి. పొగ కమ్మాక దుకాణాల్లో ఫిల్టర్లు దొరకవు, విమాన టికెట్ల ధరలు పెరిగిపోతాయి.

ఎండాకాలంలో అడవిలో రాలిన ఆకులకు నిప్పు పెడతారు, పొలాల్లో వరి మోళ్లు, మొక్కజొన్న చొప్ప కాలుస్తారు. మన ఏజెన్సీ కొండల్లో పోడు కొట్టినట్టే అక్కడి కొండల మీదా చెట్లు నరికి తగలబెడతారు. మయన్మార్, లావోస్ వైపు నుంచి వచ్చే పొగ దీనికి తోడు. ఊరు కొండల మధ్య పళ్లెంలా ఉంటుంది. రాత్రి చల్లబడిన గాలి అడుగున నిలిచిపోతే, వెచ్చటి గాలి దాని మీద మూత వేసినట్టు కూర్చుంటుంది. ఎండ ముదిరితేగానీ ఆ మూత లేవదు. అందుకే పొగ తరచు తెల్లవారుజామునే చిక్కగా ఉంటుంది, మధ్యాహ్నానికి కాస్త పలచబడుతుంది. ఉదయపు నడక అలవాటున్నవాళ్లు ఈ నెలల్లో దాన్ని మానుకోవాలి. ఇంట్లోనే నడవండి.

గాలి నాణ్యత చూసేటప్పుడు ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) అంకెను నమ్ముకోవద్దు, ఒక్కో దేశానిది ఒక్కో కొలబద్ద. ఘనపు మీటరుకు ఎన్ని మైక్రోగ్రాముల పీఎం 2.5 (ఊపిరితిత్తుల లోతుకు చేరే అతి సన్నటి ధూళి) ఉందో చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం 24 గంటల సగటు 15 దాటకూడదు. థాయ్ ప్రమాణం 37.5. మన దేశపు కొలబద్ద 60 దాకా 'సంతృప్తికరం' అంటుంది కాబట్టి, హైదరాబాద్‌లో చూసి అలవాటైన రంగులు ఇక్కడ మోసం చేస్తాయి. థాయ్ ప్రభుత్వపు ఎయిర్4థాయ్ యాప్‌లో ఊరి అంకె తెలుస్తుంది. మీ పడకగది అంకె తెలియాలంటే లేజర్ సెన్సర్ ఉన్న చిన్న మీటరు ఒకటి కొనాలి.

ఇల్లంతా శుభ్రంగా ఉంచడం అయ్యే పని కాదు. పడకగది ఒక్కటి చాలు. సందులున్న పాత టేకు ఇల్లయితే సిమెంటు గోడల గది వెతుక్కోండి. కిటికీ అంచులకు ఫోమ్ టేపు, తలుపు కింద రబ్బరు పట్టీ వేయండి. గదికి ఆనుకున్న బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాను తిరుగుతూ ఉంటే అది లోపలి గాలిని బయటికి లాగుతుంది, ఆ వెలితి నింపడానికి సందుల్లోంచి పొగ లోపలికొస్తుంది. అవసరమైనప్పుడు వేసి వెంటనే ఆపేయండి. స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే తిప్పుతుంది, దాని జాలీ ఈ ధూళిని పట్టదు.

ప్యూరిఫయర్ కొనేముందు లెక్క వేసుకోండి. 12 అడుగులకు 14 అడుగుల గది, 9 అడుగుల ఎత్తు అంటే సుమారు 43 ఘనపు మీటర్లు. గంటకు అయిదుసార్లు గాలి శుద్ధి కావాలంటే సీఏడీఆర్, అంటే యంత్రం గంటకు శుద్ధి చేసే గాలి, 215 ఘనపు మీటర్లు ఉండాలి. అయితే పెట్టె మీద వేసే అంకె ఫ్యాను గరిష్ఠ వేగంలో వచ్చేది, ఆ హోరులో నిద్ర పట్టదు. తక్కువ వేగంలోనూ సరిపోవాలంటే 400 ఉన్నది తీసుకోండి. అదనపు హెపా ఫిల్టరు (సన్నటి ధూళిని పట్టే జల్లెడ) ముందే కొని పెట్టుకోండి, దాన్ని కడిగితే పాడవుతుంది. ఓజోన్ వదిలే యంత్రాల జోలికి పోవద్దు. మూసిన గదిలో అగరుబత్తి, సాంబ్రాణి వెలిగించినా, వంటింట్లో పోపు మాడినా మీటరు క్షణాల్లో ఎగబాకుతుంది. పూజ దగ్గర ఈ రెండు నెలలూ దీపం మాత్రం చాలు, అదీ పడకగదిలో కాకుండా. మధ్యాహ్నం అంకె తగ్గినప్పుడు పది నిమిషాలు కిటికీ తీయండి, లేకపోతే గదిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని తల బరువెక్కుతుంది.

బయటికి వెళ్లాల్సి వస్తే ఎన్95. తల వెనక రెండు పట్టీలు ఉన్నదయితే బాగా బిగుస్తుంది. గడ్డం ఉంటే అంచుల్లోంచి గాలి దూరుతుంది. సర్జికల్ మాస్కు దీనికి పనికిరాదు.

రిలీవర్ (ఆయాసం వచ్చినప్పుడు వాడేది), ప్రివెంటర్ (రోజూ వాడేది) ఇన్హేలర్ల గడువు తేదీలు చూసుకోండి, ఫ్లూ, న్యుమోకాకల్ టీకాల గురించి డిసెంబరులోనే డాక్టరును అడగండి. ఆక్సిమీటరులో ఎంతకు పడితే ఆస్పత్రికి వెళ్లాలో కూడా అప్పుడే రాయించుకోండి, సీవోపీడీ ఉన్నవారికి ఆ అంకె వేరుగా ఉంటుంది. ఛాతీ నొప్పి, మాట తడబడటం, మూతి వంకర పోవడం కనిపిస్తే థాయ్ అత్యవసర వైద్య నంబరు 1669కి ఫోన్ చేయాలి. పొగ ఊపిరితిత్తులతో ఆగదు, గుండెపోటు, పక్షవాతం ముప్పునూ పెంచుతుంది.

గుండె, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు ఊరు విడిచి వెళ్లడమే మంచిదని మా గట్టి అభిప్రాయం. పాయ్, మే హాంగ్ సాన్ కొండ ఊళ్లే కదా అని అటు వెళ్లకండి, పొగ అక్కడా ఉంటుంది. దక్షిణాన క్రాబీ, త్రాంగ్ వైపు వెళ్లండి. హైదరాబాద్‌కో విశాఖకో వచ్చేయాలనుకుంటే ముందు రీ-ఎంట్రీ పర్మిట్ (వీసా పోకుండా తిరిగి రావడానికి అనుమతి) తీసుకోవాలి. ఒక్కసారికి 1,000 బాట్‌లు (థాయ్ కరెన్సీ), ఎన్నిసార్లయినా అంటే 3,800. అది లేకుండా దేశం దాటితే రిటైర్‌మెంట్ వీసా ఏడాది పొడిగింపులో నెలలు మిగిలి ఉన్నా రద్దయిపోతుంది. పొడిగింపు గడువు మార్చి, ఏప్రిల్‌లో ముగిసేవాళ్లు తేదీలు మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. ఏప్రిల్ 13 నుంచి 15 దాకా థాయ్ కొత్త సంవత్సరం సోంగ్‌క్రాన్ సెలవులు, ఆఫీసులు మూసి ఉంటాయి. డిపాజిట్ చూపించి పొడిగింపు తీసుకునేవారి ఖాతాలో దరఖాస్తుకు 2 నెలల ముందు నుంచీ 8 లక్షల బాట్‌లు ఉండాలి, మంజూరయ్యాక మరో 3 నెలలు కదపకూడదు, ఆపైన 4 లక్షలకు తగ్గకూడదు. ఆస్పత్రి ఖర్చు ఇందులోంచి తీయొచ్చనుకునేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. ఆస్పత్రి డబ్బు వేరే ఖాతాలో పెట్టండి. ప్రతి 90 రోజులకు ఇమిగ్రేషన్‌కు చిరునామా తెలపాల్సిన 90 రోజుల రిపోర్టు లెక్క తిరిగి దేశంలో అడుగుపెట్టిన రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది.

తిరుగు టికెట్ మే నెలకు పెట్టుకోండి, అప్పటికి వానలు మొదలవుతాయి. ఇంట్లోకి రాగానే ఏసీ జాలీలు కడిగించి, నేల, అల్మారాలు తడిగుడ్డతో తుడవండి. చీపురు పట్టుకుంటే రెండు నెలల బూడిదా మళ్లీ గాల్లోకి లేస్తుంది.