బెంగళూరులో ఇల్లు అమ్మే ముందు సిద్ధం చేసుకోవలసినవి

ఇల్లు అమ్మాలని నిర్ణయించుకోగానే మనలో చాలామంది మొదట పిలిచేది పెయింటర్‌ను. రంగు అవసరమే గాని, దాని వంతు చివర రావాలని నా గట్టి అభిప్రాయం. కొనడానికి వచ్చే కుటుంబం అంతవరకు కూడబెట్టిన సొమ్మునూ, మరో పదిహేను ఇరవై ఏళ్లపాటు కట్టవలసిన బ్యాంకు వాయిదాలనూ దృష్టిలో పెట్టుకుని మీ గడప దాటుతుంది గనుక, గోడల అందం కంటే ముందు వారి మనసులో అనుమానాలే మెదులుతాయి. నీళ్లు వస్తాయా, వానకు గోడలు చెమ్మగిలుతాయా, కాగితాలు సరిగా ఉన్నాయా అన్న ఈ మూడింటికీ సిద్ధమైన జవాబు ఉన్న ఇల్లు పాత రంగుతోనైనా అమ్ముడుపోతుంది. ఆ జవాబులు లేని ఇంటికి ఎంత ఖరీదైన రంగు వేసినా బేరం తెగదు.

నీళ్లు

2024 వేసవిలో బెంగళూరును పీడించిన నీటి ఎద్దడిని ఈ నగరంలో ఎవరూ మరచిపోలేదు. ముఖ్యంగా తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపు ఇల్లు చూసేవారు హాలు ఎంత పెద్దదని అడగడానికి ముందే కావేరి కనెక్షన్ ఉందా అని అడుగుతారు. నగరంలో తరువాత కలిసిన 110 గ్రామాల పరిధి కోసం ఉద్దేశించిన కావేరి ఐదో దశ పథకం 2024 అక్టోబరులో ప్రారంభమైంది గాని, పథకం వచ్చినంత మాత్రాన మీ వీధికి, మీ సంపుకు నీరు చేరినట్టు కాదు. అందుచేత జలమండలి బిల్లులు కొన్నింటిని చేతికందేలా ఉంచుకుని, వారంలో ఏయే రోజుల్లో నీళ్లు వదులుతారో, సంపులో ఎన్ని లీటర్లు పడతాయో, బోరు లోతెంతో, వేసవిలో ట్యాంకర్ తెప్పించుకోవలసి వస్తుందో లేదో ఒక కాగితం మీద రాసి పెట్టండి. ట్యాంకర్ తెప్పిస్తున్న మాట నిజమైతే నెలకు ఎంత ఖర్చవుతోందో దాచకుండా చెప్పండి, ఎందుకంటే పక్కింటివారిని అడిగితే ఆ సంగతి ఐదు నిమిషాల్లో బయటపడుతుంది.

సంపునూ ఓవర్‌హెడ్ ట్యాంకునూ కడిగించి, మూతలు సరిగా బిగుస్తున్నాయో లేదో చూడాలి. వాన నీటిని పట్టే పైపులు ఆకులతో, మట్టితో మూసుకుపోయి ఉంటే శుభ్రం చేయించి, ఫిల్టర్ పనిచేస్తున్నట్టు చూపించగలిగితే మంచిది. బోరు నీళ్ల వల్ల కుళాయిల మీద, షవర్ల మీద పేరుకునే తెల్లటి ఉప్పు పొర ఈ ఊరి ఇళ్లన్నింటిలోనూ కనిపిస్తుంది. వెనిగర్‌లో తడిపిన గుడ్డను కాసేపు చుట్టి ఉంచి రుద్దితే అది చాలావరకు వదులుతుంది గాని, వెనిగర్ మార్బుల్ మీద పడితే రాయి మెరుపు పోతుంది కాబట్టి అక్కడ వాడకూడదు.

చెమ్మ

ఈ విషయంలో తొందరపాటు అసలు పనికిరాదు. చెమ్మగిల్లిన గోడ మీద నేరుగా పుట్టీ పెట్టి రంగు వేయిస్తే రెండు మూడు నెలల్లో మళ్లీ పొంగి, పెచ్చులుగా ఊడుతుంది. ఈలోగా అమ్మేశాం కదా అనుకోవడం ధర్మమూ కాదు, క్షేమమూ కాదు. కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం అమ్మేవారికి తెలిసి ఉంటే దాన్ని వెల్లడించాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 55వ సెక్షన్ చెబుతోంది.

ముందుగా నీరు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టాలి. పైకప్పు కింద మరక ఉంటే మిద్దె మీది పగుళ్లనూ, పిట్టగోడ మొదళ్లనూ, నీరు పోయే గొట్టం చుట్టూ ఉన్న సిమెంటునూ పరిశీలించాలి. బాత్‌రూము గోడకు అవతలి పక్క మరక ఉంటే టైల్స్ సందుల్లో పూత ఊడిందేమో, గోడ లోపలి పైపు కారుతోందేమో చూడాలి. కిటికీ చుట్టూ అయితే సజ్జ వాలు తప్పి నీరు లోపలి వైపు వస్తూ ఉండవచ్చు. కారణం తెలిసి మరమ్మతు చేయించిన తరువాత మిద్దె మీద నీళ్లు కట్టి కనీసం ఒక రోజంతా నిలవ ఉంచి, కింద చెమ్మ దిగడం లేదని నిర్ధారించుకోవాలి. ఆపైన గోడను పూర్తిగా ఆరనిచ్చి, పాత పూత గీకించి, పుట్టీ, ప్రైమర్, రంగు ఆ వరుసలోనే వేయించాలి. బెంగళూరులో జనవరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల వరకు వాతావరణం పొడిగా ఉంటుంది గనుక ఈ పనులకు అదే అనువైన కాలం. మే నెలలో పిడుగుల వానలు మొదలయ్యాక అక్టోబరు దాటేవరకు గోడలు సరిగా ఆరవు. చేయించిన పని బిల్లునూ, వారంటీ కాగితాన్నీ, మరమ్మతుకు ముందు తీసిన ఫొటోలనూ దాచి చూపించండి. లోపాన్ని సరిదిద్దిన రుజువు కొనేవారికి కొత్త రంగు కంటే ఎక్కువ ధైర్యాన్నిస్తుంది.

గదులు, వంటిల్లు

రంగు విషయానికి వస్తే ఇల్లంతా వేయించనవసరం లేదు. హాలు, వంటిల్లు, వీధి గుమ్మం చూడగానే కంటపడేవి కాబట్టి వాటితో సరిపెట్టుకోవచ్చు. లేత రంగులు వెలుతురును పెంచుతాయి. ముదురు రంగు వేసిన గోడ ఒకటి ఉంటే దాన్ని మార్చడం మేలు. గ్రిల్స్‌కు ఎనామిల్, వీధి తలుపుకు పాలిష్ తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇస్తాయి. ఊడిన స్విచ్చులు, కిర్రుమనే తలుపులు, సరిగా పడని గడియలు చిన్నవే అయినా ఈ ఇంటిని పట్టించుకున్నవారు లేరన్న భావాన్ని కలిగిస్తాయి. ఎలక్ట్రీషియన్‌నూ ప్లంబర్‌నూ ఒకే రోజు పిలిపించి ఇవన్నీ సరిచేయించండి.

వంటింట్లో ఏళ్ల తరబడి పోపుల జిడ్డు చిమ్నీ ఫిల్టర్‌లో, పొయ్యి వెనక టైల్స్ మీద, స్విచ్ బోర్డు అంచుల్లో పేరుకుని ఉంటుంది. మనకు అలవాటైన ఆ వాసన బయటివారికి గుమ్మంలోనే తెలుస్తుంది. దాన్ని అగరొత్తుల పొగతో కప్పిపుచ్చితే ఏదో దాస్తున్నారన్న అనుమానమే పెరుగుతుంది కాబట్టి, జిడ్డు వదిలించి కిటికీలు తెరిచి ఉంచడమే సరైన మార్గం. వాడకం లేని బాత్‌రూములో నేల జాలీ ఎండిపోయి దుర్వాసన వస్తుంటే వారానికి రెండుసార్లు ఒక చెంబెడు నీళ్లు పోస్తే చాలు.

అటకల మీది పాత పెట్టెలనూ, బాల్కనీలో పెరిగిన సామానునూ ముందే పంపేయండి. వచ్చినవారు, ముఖ్యంగా ఆడవారు, అల్మరాలు తెరిచి చూస్తారు. సగం ఖాళీగా ఉన్న అల్మరా ఈ ఇంట్లో చోటుకు కొదవ లేదని చెబుతుంది. ఇంటి ఫొటోలన్నీ, దేవుడి పటాలన్నీ తీసేయాలని కొందరు సలహా ఇస్తారు గాని, మన కుటుంబాల విషయంలో దాన్ని నేను ఒప్పుకోను. పూజ గది శుభ్రంగా, దీపం పెట్టుకునేంత చోటుతో కనిపిస్తే చూడవచ్చిన అత్తగారో అమ్మగారో అక్కడ ఒక్క క్షణం ఆగుతారు. గోడల నిండా ఉన్న ఫొటోలను మాత్రం కొన్నింటికి కుదించి, మేకుల రంధ్రాలు పూడ్పించండి.

వాస్తు

బెంగళూరులో ఇల్లు కొనే తెలుగు దంపతులు తామిద్దరే నిర్ణయం తీసుకోవడం అరుదు. రెండోసారి చూడడానికి అనంతపురం నుంచో, చిత్తూరు, నెల్లూరు నుంచో పెద్దవారు దిగుతారు, వారితోపాటు దిక్సూచి కూడా వస్తుంది. ఈశాన్యంలో బరువులు, పాత సామాను ఉంటే తీసేయడం, ఆగ్నేయంలోని వంటింటిని చక్కగా చూపించడం మీ చేతిలో ఉన్న పనులు. లేని వాస్తును ఉన్నట్టు చెప్పడం, గుమ్మాన్ని హడావిడిగా మార్పించడం మాత్రం వద్దు, ఎందుకంటే మంజూరైన ప్లానుకు భిన్నంగా కట్టిన గోడ బ్యాంకు ఇంజినీరు వచ్చినప్పుడు కొత్త చిక్కు తెస్తుంది. ఇంకో మాట: ఆషాఢంలో, మూఢం రోజుల్లో చూడవచ్చేవారు తగ్గుతారు. అది చూసి ధర దించేయకండి, శ్రావణం రాగానే ఫోన్లు మళ్లీ మొదలవుతాయి.

కాగితాలు

ఇంటిని ఎంత చక్కగా తీర్చిదిద్దినా కాగితాల దగ్గర ఆగిపోయే బేరాలే ఎక్కువ కాబట్టి, ప్రకటన ఇవ్వడానికి కనీసం రెండు నెలల ముందే వీటిని మొదలుపెట్టండి. బెంగళూరు నగరపాలక పరిధిలో 2024 అక్టోబరు నుంచి రిజిస్ట్రేషన్‌కు ఈ-ఖాతా (ఆస్తి యజమాని పేరు, కొలతలు నమోదైన నగరపాలక సంస్థ డిజిటల్ రికార్డు) తప్పనిసరి అయింది. 2025 సెప్టెంబరులో అంతవరకు ఉన్న నగరపాలక సంస్థ బీబీఎంపీ స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు ఏర్పడ్డాయి గనుక, మీ ఇల్లు ఏ కార్పొరేషన్‌లోకి వస్తుందో చూసుకుని, ఈ-ఖాతాలో పేరు, కొలతలు మీ సేల్ డీడ్‌తో అక్షరం పొల్లుపోకుండా సరిపోతున్నాయో లేదో పరిశీలించాలి. మీది ఏ-ఖాతానో (అనుమతులన్నీ సక్రమంగా ఉన్న ఆస్తి), బీ-ఖాతానో (అనుమతుల్లో లోపం ఉన్న ఆస్తి) మొదటి మాటల్లోనే చెప్పడం మంచిది, ఎందుకంటే బీ-ఖాతా ఇళ్లకు చాలా బ్యాంకులు రుణం ఇవ్వడానికి వెనకాడతాయి.

ఆస్తి మీద జరిగిన లావాదేవీలను చూపే ఈసీని (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) రిజిస్ట్రేషన్ శాఖ వారి కావేరి పోర్టల్ ద్వారా తీసుకోవచ్చు. అయితే అందులో 2004 ఏప్రిల్ నుంచి జరిగిన లావాదేవీలే ఉంటాయి, అంతకు ముందు కాలానికి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవాలి. సేల్ డీడ్, మదర్ డీడ్ (ఆస్తి మొదట ఎవరిదో చెప్పే పాత దస్తావేజు), మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం నివాసానికి తగినదన్న ధ్రువపత్రం), ఆస్తి పన్ను రశీదులు, బెస్కామ్ కరెంటు బిల్లు, అపార్ట్‌మెంటు అయితే అసోసియేషన్ నుంచి బకాయిలు లేవన్న పత్రం, పార్కింగ్ కేటాయింపు కాగితం, ఇవన్నీ ఒకే ఫైలులో పెట్టండి. మీ ఇంటిపై రుణం ఉంటే అసలు పత్రాలు బ్యాంకులో ఉంటాయి కాబట్టి, వాటి జాబితానూ మిగిలిన రుణం ఎంతో తెలిపే లేఖనూ బ్యాంకు నుంచి తెచ్చుకోండి. పాత డీడ్లు కన్నడంలో ఉంటే వాటిలోని ముఖ్యాంశాలను తెలుగులో ఒక పేజీలో రాసిపెడితే ఊరి నుంచి వచ్చిన పెద్దవారికి మీ మీద నమ్మకం కలుగుతుంది. చూడవచ్చినవారికి జిరాక్సులే ఇవ్వండి, అసలు పత్రాలు రిజిస్ట్రేషన్ రోజు వరకు చేయి దాటకూడదు.

చూపించే రోజు

తూర్పు ముఖం ఇంటిని ఉదయం తొమ్మిది గంటల ప్రాంతంలో, పడమటి ఇంటిని సాయంత్రం ఎండ తగ్గిన తరువాత చూపించండి. కర్టెన్లు పక్కకు లాగి, లైట్లన్నీ వేసి, ఆరేసిన బట్టలు తీసేసి, గుమ్మం ముందు ముగ్గు వేసి, చెప్పులు ఒక పక్కకు సర్దండి. ఇంట్లో అద్దెకు ఉన్నవారుంటే వారికి వీలైన వేళ ముందే అడిగి తెలుసుకోవాలి, అయిష్టంగా తలుపు తీసే అద్దెదారు ఎదుట ఏ కుటుంబమూ ఇల్లు తీరుబడిగా చూడలేదు. ఇంట్లోవాళ్లలో ఒక్కరే మాట్లాడాలి. బ్రోకరు వెంట వచ్చినా నీళ్లు, చెమ్మ, కాగితాల గురించి మీరే చెప్పండి, మిగతాదంతా వారిని నిదానంగా చూసుకోనివ్వండి.

ఫ్యాన్లు, గీజర్లు, చిమ్నీ, ఇన్వర్టర్, కర్టెన్ రాడ్లు వీటిలో ఏవి ఇంటితోపాటు ఇస్తారో, ఏవి తీసుకువెళతారో ముందే జాబితా రాసి, అగ్రిమెంటుకు జత చేయించండి. ధర 50 లక్షలు గాని అంతకు మించి గాని ఉంటే కొనేవారు ఒక శాతం టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) మినహాయించుకుని మీ పాన్ మీద జమ చేయాలి కనుక, చేతికొచ్చే మొత్తాన్ని ఆ ప్రకారం లెక్క వేసుకోండి. ఇల్లు విదేశంలో స్థిరపడిన కొడుకు పేరునో కూతురి పేరునో ఉంటే టీడీఎస్ లెక్క పూర్తిగా వేరు, అటువంటివారు అడ్వాన్స్ తీసుకోవడానికి ముందే ఆడిటర్‌ను కలవాలి.