కేర్‌టేకర్ల మానసిక ఆరోగ్యం: ఏజెన్సీలు, కుటుంబాలు చేయవలసినవి

ఇళ్లలో వృద్ధులకు, మంచాన పడినవారికి, వైకల్యం ఉన్నవారికి సేవ చేసే కేర్‌టేకర్ల మానసిక ఆరోగ్యం అనగానే చాలామందికి ముందు తోచేది ధ్యానం తరగతి. దానివల్ల నష్టమేమీ లేదు గానీ, రోగిని ఒత్తిగిలించడానికి రాత్రి పలుమార్లు లేచిన మనిషికి ముందు కావలసింది నిద్ర. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో బర్నౌట్‌ను, అంటే పనితో పూర్తిగా అలసి విసిగిపోవడాన్ని, వ్యాధిగా కాక, అదుపు చేయని దీర్ఘకాలిక పని ఒత్తిడి వల్ల కలిగే స్థితిగా పేర్కొంది. కాబట్టి మార్పు పని ఏర్పాటు నుంచే మొదలవ్వాలి.

మొదట పనివేళలు తేల్చుకోవాలి. గృహ కార్మికుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఆమోదించిన 189వ ఒప్పందం వారానికి కనీసం 24 గంటల ఎడతెగని విశ్రాంతి ఉండాలని చెబుతుంది. ఆ రోజున ‘మందు ఎక్కడ పెట్టావు’ అని నాలుగుసార్లు ఫోన్ వస్తే అది సెలవు కాదు. అందువల్ల సెలవుకు ముందే బదులు మనిషిని ఏర్పాటు చేసి, మందుల వేళలు, రోగి అలవాట్లు కాగితం మీద రాయించి అందరికీ కనబడేచోట ఉంచాలి. ఇంట్లోనే ఉండి పనిచేసేవారికి తలుపు వేసుకోగల గది ఇవ్వాలి, రాత్రి మేల్కొన్న సమయాన్ని పనిగంటల్లో లెక్కించాలి.

పనుల జాబితాను కూడా చేరిన రోజే రాసుకోవడం మేలు. ‘నువ్వు మా ఇంటి మనిషివే’ అన్న మాట ఎంత ఆప్యాయంగా అన్నదైనా, ఆ మాట వెనకే ఇంటిల్లిపాది బట్టలు, వంట వచ్చి పడటం, కాదంటే కృతఘ్నత అనిపించుకోవడం ఈ వృత్తిలో తరచూ జరిగేదే. కాదని చెప్పే భారం కేర్‌టేకర్ మీద వేయకుండా ఆమెను పనికి పంపిన ఏజెన్సీయే కుటుంబంతో మాట్లాడాలి.

ఈ పనిలో తోటి ఉద్యోగి ఉండడు. కష్టమైన రోజు గడిచాక చెప్పుకునేందుకు పక్కన ఎవరూ ఉండరు కాబట్టి సూపర్‌వైజర్ వారానికొకసారి, ఫిర్యాదులతో సంబంధం లేకుండా, నిర్ణీత సమయానికి ఫోన్ చేయాలి. ‘అంతా బాగుందా’ అని అడిగితే ‘బాగుందండీ’ అన్న జవాబే వస్తుంది. ‘ఈ వారం రాత్రులు ఎలా గడిచాయి, ఏ పని బరువుగా అనిపించింది’ అని అడిగితే మాట సాగుతుంది. మాట్లాడేటప్పుడు రోగి గానీ బంధువులు గానీ వినే చోట లేరని ముందుగా నిర్ధారించుకోవాలి. కేర్‌టేకర్లు ఒకరినొకరు కలుసుకునే సమావేశాలు చాలా ఉపయోగపడతాయి, అయితే ఆ గంటకూ జీతం ఇవ్వాలి.

డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే స్థితి) ఉన్నవారు తిట్టడం, కొట్టడం, దొంగతనం అంటగట్టడం జరుగుతుంది. ఇవి వ్యాధి లక్షణాలు కావచ్చునని కేర్‌టేకర్‌కూ కుటుంబానికీ ముందే వివరించి, విలువైన వస్తువులను ఇంటివారే తాళం వేసుకునేలా చూడాలి. వ్యాధి వల్ల జరిగినంత మాత్రాన దెబ్బ దెబ్బ కాకుండా పోదు. ప్రతి సంఘటననూ నమోదు చేయాలి. ఇంటివారెవరైనా వేధిస్తే వెంటనే అక్కడి నుంచి బయటకు వచ్చే హక్కు ఉందని, ఆ రోజు జీతం కోతపడదని ఏజెన్సీ రాతపూర్వకంగా చెప్పాలి.

అందరూ ఎక్కువగా విస్మరించేది రోగి మరణం. నెలల తరబడి స్నానం చేయించి, అన్నం తినిపించిన మనిషి పోయినప్పుడు పరామర్శలన్నీ బంధువులకే దక్కుతాయి. కేర్‌టేకర్‌కు మరుసటి రోజే కొత్త చిరునామా వస్తుంది, లేదా కొత్త ఇల్లు దొరికేదాకా ఆదాయం ఆగిపోతుంది. దుఃఖం, జీతం గురించిన బెంగ ఒకేసారి మీద పడతాయి. కబురు సూపర్‌వైజరే స్వయంగా చెప్పాలి, అంత్యక్రియలకు వెళ్లే వీలు కల్పించాలి, తర్వాతి డ్యూటీకి ముందు కొన్ని రోజులు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. జరిగినదంతా చెప్పమని ఎవరినీ కూర్చోబెట్టి బలవంతపెట్టకూడదు. విషాదం జరిగిన వెంటనే అందరినీ అలా మాట్లాడించడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయడం లేదు. చెప్పాలనుకున్నప్పుడు వినే మనిషి అందుబాటులో ఉంటే చాలు.

దిగులు, నిద్రలేమి, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి కొనసాగితే డాక్టరును గానీ కౌన్సెలర్‌ను గానీ కలిసే ఏర్పాటు చేయాలి, అందుకు పనివేళల్లోనే సమయం ఇవ్వాలి. చనిపోవాలనే ఆలోచనలు వస్తున్నాయేమో అన్న అనుమానం కలిగితే సూటిగా అడగవచ్చు. అడగడం వల్ల ఆ ఆలోచన పుడుతుందనేది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే వైద్య సహాయం అందేలా చూడాలి. ప్రాణాపాయం ఉన్నప్పుడు తప్ప ఈ వివరాలేవీ అనుమతి లేకుండా ఇతరులకు, ముఖ్యంగా కేర్‌టేకర్ పనిచేసే ఇంటివారికి, తెలియకూడదు. తెలిస్తే ఉద్యోగం పోతుందన్న భయంతోనే చాలామంది నోరు విప్పరు.

సెలవు తర్వాత తిరిగి వచ్చినప్పుడు అదే ఇంటికి వెళ్లగలరో లేదో వారినే అడగాలి. మొదటి కొన్ని వారాలు రాత్రి డ్యూటీలు వేయకుండా, తక్కువ గంటలతో మొదలుపెట్టి క్రమంగా పెంచాలి.